ఫ్యాను ఆపిన చెయ్యి

“ఆపింది నేనేనండీ పిన్నిగారూ. ఇంకొకళ్ళ మీదికి నెట్టేద్దామన్నా వీల్లేదు. స్విచ్చు దగ్గర నిలబడింది నేను. అన్నయ్య కనుబొమ్మ ఎగరెయ్యగానే టక్కున నొక్కింది నేను. ఆ తర్వాత ఫోన్లో రికార్డు చేసిందీ నేనే. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోను?”

“ఎవరూ దొరక్కపోతే నన్ను తిట్టు. అలవాటేగా,” అంది వాళ్ళ వదిన గల్లాపెట్టె వెనక నుంచి, జిప్పులు రంగుల వారీగా కట్టలు కడుతూ.

“నిన్ను తిడితే నా థీసిస్ బాగవుతుందా వదినా?”

“అవదు. కానీ కాస్త ఆకలేస్తుంది నీకు. పొద్దుట్నుంచీ ఏమీ తినకుండా గోడకి అతుక్కుని కూచున్నావు.”

నాతో మాట్లాడుతున్న ఆమె నిజంగానే గోడకి ఆనుకుని, చిన్న స్టూలు మీద మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. తల మీద సరిగ్గా జానెడు ఎత్తులో ఫ్యాను స్విచ్చు. తెల్లగా ఉండాల్సిన ఆ స్విచ్చు మీద వేలు పడేచోట నూనె మరక గోధుమ రంగులో స్థిరపడిపోయింది. ఇంతకాలం ఆ మరకని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు నా చూపూ అటే పోతోంది.

అది కుట్టు మిషన్లు బాగుచేసే కొట్టు. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. ముందు భాగంలో దారపు రీళ్ళు, బొత్తాలు, జిప్పులు. అది వదినగారి రాజ్యం. వెనక పొడుగాటి బల్ల, దాని మీద విప్పిన మిషన్లు, నూనెడబ్బా, గుడ్డపీలికలు. అది ఆమె అన్నయ్యది. ఆయన్ని వీధిలో అందరూ డాక్టరుగారనే పిలుస్తారు. మిషను ముందుకు రాగానే ఆయన చేసే మొదటి పని, పొడుగు స్క్రూడ్రైవరు మొన మిషను ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినడం. మేడ మీద రెండు గదుల్లో ఈ చెల్లెలు, ఆమె భర్త. ఆయన అచ్చాఫీసులో పనిచేస్తారు.

నేను మొదటిసారి ఆ కొట్టుకి వెళ్ళింది మా మిషను తల దుప్పట్లో చుట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని. దారం అడుగున ముడులు పడుతోంది. డాక్టరుగారు స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకోగానే కొట్టంతా ఎలా మారిపోయిందో నాకిప్పటికీ గుర్తుంది. వదినగారు మాట మధ్యలో ఆపేసింది. గుమ్మంలో నిలబడ్డ మనిషి దగ్గు మింగేశాడు. స్టూలు మీదున్న ఆమె చెయ్యి, చూడకుండానే, వెనక్కి వెళ్ళి ఫ్యాను ఆపింది. రెక్కలు నెమ్మదించాయి. ఆయన విన్నాడు. తర్వాత అడుగున పళ్ళెం విప్పి, చిన్న పట్టకారుతో గోరంత పీచు ఉండ బయటికి లాగాడు.

“ఇందుకోసమా అంత బరువు మోసుకొచ్చారు?” అన్నాడు.

“చూశారా పిన్నిగారూ, ఇదే నా థీసిస్,” అంది ఆమె ఫ్యాను మళ్ళీ వేస్తూ. అప్పుడు మొదలైన మాటలు మావి.

ఆమె పాతికేళ్ళ వయసులో ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరింది. కంప్యూటర్లు తుడవడం, వైర్లు సరిచూడడం, పిల్లల రికార్డు పుస్తకాల మీద మేష్టార్ల చేత సంతకాలు పెట్టించడం. పిల్లలు వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. ఆమె తాళాలగుత్తి పట్టుకుని అక్కడే ఉండేది. నలభైల్లో పడ్డాక, అదే కాలేజీలో కంప్యూటర్ ఇంజినీరింగ్ మాస్టర్స్‌కి దరఖాస్తు పెట్టింది. ఎందుకంటే మాస్టర్స్ ఉంటే లెక్చరర్ కావచ్చు. లెక్చరర్ అయితే ల్యాబులో నిలబడి కాకుండా, బోర్డు ముందు నిలబడి మాట్లాడవచ్చు. “ఇన్నేళ్ళూ నేను చెప్పింది ఒకటే మాటండీ, ప్లగ్గు పెట్టావా అని. ఇంకోటేదైనా చెప్పాలనిపించింది,” అంటుంది.

క్లాసులో అందరూ ఆమె తాళం తీసిపెట్టిన ల్యాబుల్లో చదువుకున్న పిల్లలే. ల్యాబక్క అని పిలుస్తారు. మొదటి రోజు ఆమె వెనక బెంచీలో కూర్చుంటే, ప్రొజెక్టరు పనిచెయ్యక క్లాసు క్లాసంతా వెనక్కి తిరిగి ఆమె వైపు చూసింది. లేచి వెళ్ళి వైరు బిగించి, మళ్ళీ వచ్చి కూర్చుని నోట్సు తెరిచిందట. గైడుగారైతే ఇంకా విచిత్రం. ఆయన కూడా ఒకప్పుడు ఆ ల్యాబులో విద్యార్థే. ఈమె ఆయన్ని సార్ అంటుంది, ఆయన ఈమెని మేడం అంటాడు. ఇద్దరూ ఒకరికొకరు కుర్చీ చూపించుకుంటూ కాసేపు నిలబడే ఉంటారు.

థీసిస్ ఆలోచన ఆమెకి కొట్లోనే పుట్టింది. ఇంట్లో బట్టలు కుట్టే ఆడవాళ్ళు మిషను తల విప్పుకుని, చంకన పెట్టుకుని, మెట్లు దిగి, బండి మాట్లాడుకుని వస్తారు. సగం మందికి కావలసింది ఓ చుక్క నూనె, లేకపోతే పీచు తియ్యడం. మిషను నడుస్తున్న చప్పుడు ఫోనుకి వినిపిస్తే, ఇది ఇంట్లో సర్దుకునేదా, కొట్టుకి తేవలసిందా అని ఫోనే చెప్పెయ్యాలి. అలా చెప్పడం ఫోనుకి నేర్పడమే ఆమె పని. బాగున్న మిషన్ల చప్పుళ్ళు కొన్ని, చెడినవి కొన్ని రికార్డు చేసి కంప్యూటరుకి వినిపించాలి. వినగా వినగా అది తేడా తనంతట తానే పట్టుకుంటుంది. దాన్నే వాళ్ళు మోడల్ అంటారు.

ఏడాది పొడుగునా ఆమె కాలేజీ నుంచి రాగానే ఆ పని చేసింది. ఒకే ఫోను, ఒకే బల్ల, ఒకే రకం గుడ్డ, ఒకే దారం. ఏ ఒక్కటి మారినా కంప్యూటరు మిషను సంగతి వదిలేసి ఆ మారినదాన్ని పట్టుకుంటుందని ఆమెకి తెలుసు. గుడ్డ మడత తేడా వచ్చిందని ఒకరోజు రికార్డింగులన్నీ చెరిపేసింది. “ఆ గుడ్డముక్కని ఇస్త్రీ చేసేదండీ,” అంది వదినగారు. “దాని మొగుడి చొక్కాకి లేదా భాగ్యం.”

చివరికి మోడల్ తయారైంది. ఫోను తెరమీద పచ్చగా వెలిగితే మిషను బాగున్నట్టు, ఎర్రగా వెలిగితే చూపించాల్సినట్టు. పరీక్షించి చూస్తే దాదాపు ఎప్పుడూ తప్పు చెప్పడంలేదు. గైడుగారు కుర్చీలోంచి లేచారు. ఈ టర్ములోనే థీసిస్ ఇచ్చెయ్యండి మేడం, లెక్చరర్ ఖాళీ ఒకటుంది, డిగ్రీ చేతికొస్తే మీరే అన్నారు. ఆ సాయంత్రం డాక్టరుగారు ఆమె కూర్చునే స్టూలు కాళ్ళకి కొత్త రబ్బరు బిరడాలు తొడిగాడు.

తర్వాత ఓ సెలవు రోజు మధ్యాహ్నం అందరూ కలిసి ఆ ముచ్చట చూద్దామనుకున్నారు. అప్పుడే సర్వీసు చేసిన తొక్కుడు మిషను ఒకటి వదినగారు తొక్కుతోంది. ఫోను పచ్చగా వెలిగింది. చప్పట్లు కొట్టారు. ఇంతలో కరెంటు పోయింది. వదినగారు తొక్కడం ఆపలేదు. ఫ్యాను రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి ఆగాయి. ఫోను ఎర్రగా వెలిగింది.

“ఏమ్మా,” అన్నాడు డాక్టరుగారు, “కరెంటు పోతే కాలితో తొక్కే మిషనుకి జబ్బు చేస్తుందా?”

అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్విందట. వదినగారు గుండె పట్టుకుని మిషను మీద వాలిపోయినట్టు నటించింది. కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది. ఫోను మళ్ళీ పచ్చబడింది. ఈసారి ఆమెకి నవ్వు రాలేదు.

లేచి బల్ల కింద నుంచి, షటిల్ అరిగిపోయి దడదడలాడే మిషను ఒకటి బయటికి లాగింది. దాని మోత వీధి చివరికి వినిపిస్తుంది. ఫ్యాను తిరుగుతుండగా దాన్ని నడిపింది. ఫోను పచ్చగా, నిమ్మళంగా వెలుగుతోంది.

“అది మిషన్ని విననే లేదండీ,” అంది నాతో, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి. “ఫ్యాన్ని వింది. మా ఫ్యానుకి టిక్కుటిక్కుమని ఓ చప్పుడుంది. పుట్టినప్పట్నుంచీ ఉంది కాబట్టి నా చెవికది చప్పుడే కాదు. బాగున్న మిషన్ని రికార్డు చేసేటప్పుడు ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, ఈ ఇరుకు కొట్లో చలికాలమైనా ఆపం. చెడిన మిషనైతే అన్నయ్య వింటాడు, ఫ్యాను ఆపుతాం, అప్పుడే నేనూ రికార్డు చేస్తాను. కంప్యూటరుకి ఇంతకంటే తేలిక ఏముంది? టిక్కుటిక్కు ఉంటే బాగున్నట్టు, లేకపోతే చెడినట్టు. పరీక్షించింది కూడా ఈ కొట్టు రికార్డింగులతోనే కాబట్టి అన్నీ సరిగ్గా చెప్పింది. గుడ్డముక్క ఇస్త్రీ చేశానండీ నేను! ఫ్యాను సంగతి బుర్రకి తట్టలేదు.”

తట్టకపోవడానికి కారణముంది. ఆ కొట్టు వాళ్ళ నాన్నది. ఆయనా అలాగే స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకునేవాడు. పిల్ల చెయ్యి స్విచ్చుకి అందేంత ఎత్తు ఎదగగానే ఆమెకా ఉద్యోగం ఇచ్చారు. నాన్న కనుబొమ్మ ఎగరేస్తే ఆపాలి, దించితే వెయ్యాలి. మాటలుండవు. నాన్న పోయాక అన్నయ్య కనుబొమ్మ. కొత్తకోడలుగా వచ్చిన వదినగారు మొదట్లో ఫ్యాను ఆగినప్పుడల్లా కరెంటు పోయిందని కొవ్వొత్తి వెతుక్కునేదట. ఆ ఇంట్లో వాళ్ళకి ఫ్యాను ఆపడం ఒక పనిగా లెక్కలోకి రాదు, రెప్ప వాల్చడంలాంటిది. ఇంకెవరైనా ఈ థీసిస్ చేసి ఉంటే, మొదటి రోజే ఉక్కపోసి, ఎందుకు ఆపారండీ అని అడిగి ఉండేవారు.

“మీ గైడుకి చెప్పావా?” అన్నాను.

“లేదు. థీసిస్ ఇవ్వడానికి ఈ నెలాఖరే గడువు. చెప్తే ఈ టర్ము పోయినట్టే. ఉద్యోగం ఇంకొకళ్ళకి వెళ్ళిపోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. అడిగేవాళ్ళు కాగితం మీద అంకెలు చూస్తారు. అంకెలు అబద్ధం కావు కూడా. మా కొట్లో, మా ఫ్యాను కింద, అవి నిజమే.”

“మీ ఆయనేమన్నారు?”

“అచ్చేశాక తప్పు కనిపిస్తే మీ ప్రెస్సులో ఏం చేస్తారని అడిగాను. ఎవరికీ కనిపించని తప్పయితే కట్టలు కట్టి పంపేస్తాం అన్నారు. నిజమే చెప్పారు పాపం.”

వెనక బల్ల దగ్గర డాక్టరుగారు తల ఎత్తకుండానే అన్నాడు: “ముందు డిగ్రీ పుచ్చుకో అమ్మాయ్. తర్వాత నిదానంగా సరిచేద్దువుగాని. నావల్ల కదా వచ్చింది ఇదంతా.”

“నీవల్లేంటి అన్నయ్యా, నువ్వు కనుబొమ్మ ఎగరేశావు. నొక్కింది నేను.”

వదినగారు జిప్పుల కట్ట ఒకటి పళ్ళతో ముడివేసి పక్కన పెట్టింది. “ఉద్యోగం సరే. ఈ మోడల్ బయటికొస్తే మనకి లాభమేనండోయ్. చలికాలం వచ్చిందంటే ఎవరింట్లోనూ ఫ్యాను తిరగదు. ఊళ్ళో మిషన్లన్నీ ఎర్రగా వెలుగుతాయి. మోసుకుంటూ మోసుకుంటూ అందరూ మన కొట్టుకే వస్తారు. గుమ్మం పెద్దది చేయించాలి.”

ఆ మాటకి నేను నవ్వాను. డాక్టరుగారూ నవ్వాడు. ఆమె మాత్రం నవ్వకుండా వదిన వైపు తిరిగింది. “మెట్లు దిగి,” అంది. “చంకన పెట్టుకుని మెట్లు దిగి వస్తారు కదా,” అంది మళ్ళీ. లేచి మేడ మీదికి వెళ్ళిపోయింది. చెప్పులు కిందే ఉండిపోయాయి.

నేను మళ్ళీ వెళ్ళేసరికి ఆ నెల గడిచిపోయింది. కొట్లో అడుగుపెట్టగానే హాయిగా గాలి తగిలింది. డాక్టరుగారు స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని వంగి ఉన్నాడు. ఫ్యాను మాత్రం టిక్కుటిక్కుమంటూ తిరుగుతూనే ఉంది. ఆయన మొహం చిట్లించి, ఒక చెవి అరచేత్తో మూసుకుని ఇంకో చెవితో వింటున్నాడు. స్విచ్చు మీద అడ్డంగా వెడల్పాటి టేపు అతికించి ఉంది.

“పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక ఇదే నాకు మొదటి సుఖం,” అంది వదినగారు, పైట చెంగు గాలికి వదిలేసి. “మా ఆడపడుచు చదువు వల్ల బాగుపడింది నేనొక్కదాన్నే.”

“చెప్పేశావా?” అన్నాను ఆమెని. ఆమె స్టూలు మీదే ఉంది, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని.

“చెప్పేశానండీ. ఫోనూ, రెండు రికార్డింగులూ పట్టుకెళ్ళి సార్ బల్ల మీద పెట్టాను. ఫ్యాను ఉన్నది, లేనిది. విన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ విన్నారు. వాళ్ళ గదిలో ఏసీ కదా, అది ఆపి విన్నారు ఒకసారి. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.”

“ఏమన్నారు?”

“ఎవరూ అడగరు మేడం అన్నారు. అదే భయంగా ఉంది సార్ అన్నాను. చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేశారు. తర్వాత, సరే రాయండి, ఈ తప్పు ఎలా జరిగిందో కూడా ఒక అధ్యాయం రాయండి, కానీ ఈ టర్ములో కాదు అన్నారు. అంతే. లేచి గుమ్మం దాకా వచ్చారు. ఎప్పుడూ రారు.”

లెక్చరర్ ఉద్యోగం ఆమె క్లాసులోని ఒక అమ్మాయికి వచ్చింది. ఆ అమ్మాయి ఫోను చేసి ఏడ్చిందట, సారీ ల్యాబక్కా అని. “నీకెందుకే సారీ,” అని ఈమె ఓదార్చింది. “రేపట్నుంచీ ల్యాబు తాళం నన్నే అడగాలి నువ్వు. నేను ఆలస్యంగా వస్తే నీ క్లాసు వరండాలోనే.” ఆ అమ్మాయి ఏడుస్తూనే నవ్విందట. ఇదంతా ఆమె నాకు చెప్పింది, తెర మీద ఏదో సరిచూసుకుంటూ, వేరే ఎవరి కబురో చెప్తున్నట్టు. బాధగా లేదా అని నేను అడగలేదు. ఆమే తనంతట తానుగా అంది: “ఉందిలెండి. బోర్డు ముందు ఏ రంగు చీర కట్టుకోవాలో కూడా అనుకున్నాను. వచ్చే టర్ముకి ఖాళీ ఉంటుందో ఉండదో. డిగ్రీ అయితే వస్తుంది, మోడల్ పనిచేస్తే.”

“ఇప్పుడేం చేస్తావు?”

“అన్నీ మొదట్నుంచి. అప్పుడు అన్నీ ఒకేలా ఉండాలని చూశాను కదా, ఇప్పుడు ఏ రెండూ ఒకేలా ఉండకూడదు. రకరకాల ఇళ్ళు, రకరకాల ఫ్యాన్లు, ఫ్యాన్లే లేనివి. కుక్కరు కూతలు, పిల్లల ఏడుపులు. అందులోంచి మిషను చప్పుడొక్కటీ పట్టుకోవడం నేర్చుకోవాలి అది. ఈ టేపు కూడా అందుకే, చెడిన మిషన్లకీ ఫ్యాను తిరుగుతూనే ఉండాలని. నా చెయ్యి చెప్పినా వినదండీ. నిన్న కూడా వెళ్ళింది. టేపు తగిలి ఆగింది.”

డాక్టరుగారు స్క్రూడ్రైవరు దించి నిట్టూర్చాడు. “ఈ మిషను లోపల బుష్ వదులైనట్టుంది. లేకపోతే ఫ్యాను బేరింగైనా కావాలి. దేవుడికే తెలియాలి,” అని మళ్ళీ వంగాడు.

నేను బయల్దేరబోతే ఆమె ల్యాప్‌టాప్ మూసి గుమ్మం దాకా వచ్చింది.

“పిన్నిగారూ, మీ మిషను ఉన్న గదిలో ఫ్యాను ఎలా మోగుతుంది?”

“కిర్రుమంటుంది. నూనె వేయించాలి.”

“అయ్యో, వేయించకండి! మా అన్నయ్యకి వినిపించేలా అనకండి, నిచ్చెన పట్టుకుని వచ్చేస్తాడు. నాకా కిర్రే కావాలి. ఫోను పక్కన కుర్చీలో పెట్టి, మామూలుగా మీరు కుట్టుకునే బట్టే కుట్టండి. ఇస్త్రీ అదీ చెయ్యకండి. ఫ్యాను వేసి ఒకసారి, ఆపి ఒకసారి. కిటికీ తీసి ఉంటే తీసే ఉంచండి. పక్కింటివాళ్ళు పోట్లాడుకుంటున్నా ఆపమనకండి. వెళ్ళగానే చెయ్యండి, మర్చిపోతారు. ఆ, ఇంకోటి. మీరు రికార్డు చేస్తున్నారు కదా అని మర్యాదకి ఇంట్లో ఎవరైనా ఫ్యాను ఆపబోతే మాత్రం, కాస్త చెయ్యి పట్టుకోండి.”